మనసు కెన్యా అంటోంది, ఎక్సెల్ బంగ్లాదేశ్ అంటోంది: మీ కంపెనీల్లో ఇలాంటివి ఎలా తేలుస్తారు?

మేడ్చల్ మొలక

అందరికి నమస్తే. మాది మేడ్చల్ సైడు మీడియం సైజు విత్తనాల కంపెనీ, పేరు వద్దులెండి, హైబ్రిడ్ మక్క, టమాట, మిరప, బెండ మా మెయిన్ పంటలు. ఇన్నేళ్లు దేశం లోపల్నే అమ్మినం, ఇప్పుడు బయటికి పోదామని బోర్డు అనుకుంది. సమస్య ఏందంటే మా ఎండీ సార్ ఒక ట్రేడ్ డెలిగేషన్‌తో కెన్యా పోయి వచ్చిండు, నకూరు దగ్గర ఎవరిదో మక్క చేన్ల నిలబడి మట్టి చేతిల పట్టి చూసిండంట, అప్పటి సంది ఒకటే పాట, మనకు కలిసొచ్చేది గా దేశమే అని. ఊరికే అనే మనిషి కాదు, జమ్మికుంట దిక్కు రైతు బిడ్డ, చేన్ల అడుగు పెట్టి ఈ హైబ్రిడ్ నడుస్తది ఇది నడవదు అని చెప్తడు, చాలాసార్లు అట్లనే అయితది. అటు మా సీఎఫ్ఓ, అంటే కంపెనీ పైసల లెక్కలు చూసే పెద్దాయన, కన్సల్టెంట్లతోని రిపోర్ట్ చేయించిండు, మార్కెట్ సైజు, దూరం, కరెన్సీ, టాక్సు, రూల్స్ అన్నిటికి వెయిటేజీలు వేసి కూడితే బంగ్లాదేశ్ ఫస్ట్, కెన్యా ఎక్కడో కింద. మీటింగ్‌ల ఎండీ సార్ "నేను రైతు కళ్ళల్ల చూసిన" అంటే సీఎఫ్ఓ "కళ్ళల్ల చూసినదానికి బ్యాంకోడు లిమిట్ పెంచడు సార్" అన్నడు. నడుమ నేను నలుగుతున్న.

పెద్ద కంపెనీలల్ల పనిచేసినోళ్లు, బయట దేశాల్ల బిజినెస్ పెట్టినోళ్లు చెప్పండి, మీ దగ్గర ఎవరి మాట నెగ్గుతది? లేకపోతే రెండు కలిపే పద్ధతి ఏమన్నా ఉందా, సొల్లు కాకుండ.

గుంటూరు ఘాటు

అన్నా మీ ఎండీ గారి సంగతి నాకు బాగా అర్థమైంది, మేం మిర్చి యార్డులో పుట్టి పెరిగినోళ్లం. తెల్లారకముందే లాటు దగ్గరికెళ్లి బస్తా మూతి విప్పి, పైనున్న కాయ చూడం, చెయ్యి లోపలికంటా దూర్చి అడుగు నుంచి పిడికెడు తీస్తాం, చెవి దగ్గర పెట్టి ఊపితే గింజ గలగలలాడాలి, నలిపితే తొక్క పొడవ్వాలి, మెత్తగా వంగిందంటే తేమ ఉన్నట్టే, తాలు కాయ ఎంతుందో అక్కడికక్కడే తెలిసిపోద్ది. తర్వాత మీటర్ పెట్టినా దాదాపు అదే చెప్పిద్ది. ఇది గట్ ఫీలింగ్ అంటారో ఏమంటారో గానీ మా నాన్న కాలం నుంచి దీని మీదే బతుకుతున్నాం.

కానీ ఒకటి చెప్పనా. తేజ రకం చైనాకి బాగా వెళ్తది అని అందరికీ తెలుసు, మేమూ డైరెక్టుగా పంపుదాం మధ్యలో ఎక్స్‌పోర్టర్ ఎందుకు అని మా బంధువుల్లో ఒకాయన దిగాడు. కాయ ఎంపికలో ఆయన్ని కొట్టేవాడు లేడు. బయ్యర్ ఎవరు, రేటు పడితే కంటైనర్ పోర్టుకి చేరాక క్వాలిటీ వంక పెట్టి తగ్గించమనేవాడెవడు అనేది మాత్రం కాయని చూసినట్టు ఆ మనిషితో రెండు టీలు తాగి తేల్చేశాడు. ఇంక చెప్పేదేముంది, సరుకు పోర్టులో ఉంటే ఇక్కడ కోల్డ్ స్టోరేజీ రసీదుల మీద అప్పు వడ్డీ పెరిగింది.

మీ ఎండీ గారు చేలో నిలబడి చెప్పేది నమ్మండి. ఆ దేశం గురించి చెప్పేది వేరే సంగతి.

డల్లాస్ బాబాయ్

నన్నడిగితే గట్ ఫీలింగ్ అనేదే బయట దేశంలో డేంజర్. ఇక్కడ టార్గెట్ స్టోర్స్ కథ అందరికీ తెలిసిందే, కెనడావాళ్ళు బోర్డర్ దాటొచ్చి మరీ అమెరికాలో టార్గెట్‌లో కొనుక్కునేవాళ్ళు, ఇంకేం కావాలి, అక్కడ పెడితే ఎగబడతారు అనుకున్నారు. జెల్లర్స్ అనే పాత చెయిన్ లీజులు కొని 2013లో మొదలెట్టి 133 షాపులు తెరిచారు, 2015 జనవరికల్లా మూసేస్తున్నాం అని చెప్పేశారు. రెండేళ్ళు కూడా నిండలేదు. వందల కోట్ల డాలర్లు పోయాయి.

వాల్‌మార్ట్ జర్మనీ కూడా అంతే, 1997లో వెళ్ళారు, 2006లో షాపులన్నీ మెట్రో అనే అక్కడి కంపెనీకి అమ్మి వచ్చేశారు. అమెరికాలో నవ్వుతూ పలకరిస్తే కస్టమర్ సంతోషిస్తాడని వాళ్ళ గట్, జర్మన్లకి ముక్కూ మొహం తెలీనివాడు పళ్ళికిలిస్తే అనుమానం. చవక అనే మాటకి అక్కడ అప్పటికే ఆల్డి, లిడల్ లాంటి చవక షాపులు ఉన్నాయి.

ఫార్మా పాతకాపు

బాబాయ్, మీ ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతోంది. టార్గెట్ దగ్గర అనలిసిస్ లేకనా? అంత డేటా ఉన్న కంపెనీ రిటైల్‌లో తక్కువ. అక్కడ దెబ్బతిన్నది సరుకు వివరాలు కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తప్పుల తడకగా ఎక్కించడం వల్ల, గోడౌన్ నిండా సరుకు, షాపులో ర్యాకులు ఖాళీ. డేటా ఉంది, డేటా తప్పు. షాపు ఫ్లోర్ మీద తిరిగే మేనేజర్ ఎవడైనా కళ్ళు తెరిచి చూస్తే వారంలో తెలిసే విషయం.

మన హైదరాబాద్ కథ చెప్తా, రెగ్యులేటరీలో, అంటే మందుల అనుమతుల పనిలో, చాలాకాలం పనిచేశాను కాబట్టి ఇది దగ్గర్నుంచి చూశాం. 2006లో డాక్టర్ రెడ్డీస్ జర్మనీలో బీటాఫార్మ్ అనే జెనరిక్స్ (పేటెంట్ అయిపోయిన మందులు చవకగా అమ్మే) కంపెనీని 48 కోట్ల యూరోలకి కొంది. ఆ రోజుల్లో మన ఫార్మావాళ్ళు విదేశంలో కొన్నవాటిల్లో అది చాలా పెద్దది, ర్యాన్‌బాక్సీ కూడా రేసులో ఉంది. కాగితం మీద చూస్తే వంక పెట్టడానికి లేదు: యూరప్‌లోకెల్లా పెద్ద జెనరిక్స్ మార్కెట్, అందులో నాలుగో స్థానంలో ఉన్న కంపెనీ, డాక్టర్ల దగ్గరికెళ్ళి బ్రాండు చెప్పుకునే సేల్స్ టీమ్, మన దగ్గర చవకగా తయారయ్యే మందు. గట్ కూడా అదే చెప్పింది, లెక్క కూడా అదే చెప్పింది.

అదే ఏడాది జర్మనీ ప్రభుత్వం మందుల ధరల రూల్స్ మార్చింది, తర్వాతేడాది ఇంకో సంస్కరణ, ఇన్సూరెన్స్ సంస్థలు నేరుగా కంపెనీలతో డిస్కౌంట్ ఒప్పందాలు పెట్టుకోవడం, టెండర్లు పిలవడం మొదలైంది. టెండర్ వచ్చాక డాక్టర్ ఏ బ్రాండు రాస్తే ఏంటి, ఫార్మసీవాడు టెండర్ గెలిచినవాడి మందే ఇస్తాడు. అంటే ఏ సేల్స్ టీమ్ కోసం అంత డబ్బు పెట్టారో ఆ టీమ్‌కే పని లేకుండా పోయింది. తర్వాత కొన్నేళ్ళు బ్యాలెన్స్ షీట్‌లో దాని విలువ తగ్గిస్తూ పోయారు.

దానికి పక్కనే అరబిందో ఫార్మాని పెట్టి చూడండి. 2014లో యాక్టావిస్ అనే మందుల కంపెనీ వాళ్ళ పశ్చిమ యూరప్ బిజినెస్, ఏడు దేశాలది, కొన్నారు. అమ్మకాలు సుమారు 32 కోట్ల యూరోలు, కొన్న ధర 3 కోట్ల యూరోలు, ఎందుకంటే అది నష్టాల్లో ఉంది. ప్లాన్ ఒకటే, తయారీ మెల్లగా ఇండియాకి మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది. "ఖర్చు తగ్గించగలం" అనేది వాళ్ళకి సొంతింట్లో రోజూ చేసి చేసి అబ్బిన విద్య. జర్మనీ ప్రభుత్వం రేపు ఏం చేస్తుందో ఊహించాల్సిన అవసరం అంతగా లేని ధరకి కొన్నారు.

నా లెక్క ఏంటంటే, గట్టా లెక్కా అని కాదు, మీరు వేసే పందెం మీ చేతిలో ఉన్నదాని మీదా, వేరేవాళ్ళ చేతిలో ఉన్నదాని మీదా అని చూడాలి.

డల్లాస్ బాబాయ్

అంత తెలిసి రెడ్డీస్ వాళ్ళకి చెప్పొచ్చు కదా అప్పుడే :)

ఫార్మా పాతకాపు

జరిగాక చెప్పడం ఎవడికైనా వచ్చు బాబాయ్, ఒప్పుకుంటున్నా. కానీ ఒక్క మాట, అదే రెడ్డీస్ 1990ల మొదట్లో రష్యా వెళ్ళినప్పుడు సోవియట్ యూనియన్ కూలి రూబుల్ దిక్కులేకుండా ఉంది, ఏ షీట్ వేసినా ఆగమనే చెప్పి ఉంటుంది. ఇవాళ అక్కడ వాళ్ళ మందులు నైస్, ఒమెజ్, కెటొరోల్ అంటే ఇళ్ళల్లో తెలిసిన పేర్లు. అందుకే నేను షీటు పార్టీ కూడా కాదు.

లెక్కల టీచరు

నేను మేనేజ్‌మెంట్ కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్తాను, బిజినెస్ ఎప్పుడూ చెయ్యలేదు, ఆ మాట ముందే చెప్పేస్తే డల్లాస్ బాబాయ్ గారు ఎత్తిపొడవక్కర్లేదు.

గుంటూరు తమ్ముడు చెప్పింది చాలా ముఖ్యమైన సంగతి, చదివేసి వదిలెయ్యకండి. డేనియల్ కానెమన్ అనే సైకాలజిస్టు ఇంట్యూషన్‌ని (మనసుకి తోచే ఊహని) నమ్మని మనిషి, గ్యారీ క్లైన్ ఫైర్ సర్వీసు కమాండర్లని చూసి ఇంట్యూషన్‌కి వీరాభిమాని, ఇద్దరూ కొట్టుకోకుండా కూర్చుని 2009లో కలిసి ఒక పేపర్ రాశారు. తేల్చిందేంటంటే నిపుణుడి ఊహని నమ్మాలంటే రెండుండాలి, ఆ రంగంలో నిలకడైన గుర్తులు ఉండాలి, ఆ మనిషి వాటిని చాలాకాలం చూసి తన ఊహ రైటో తప్పో వెంటనే తెలుసుకుంటూ ఉండాలి. మిర్చి యార్డులో రెండూ ఉన్నాయి, పొద్దున్న కొన్న లాటు తప్పో ఒప్పో సాయంత్రానికి తెలుస్తుంది, ఏడాదికి వేల లాట్లు. కొత్త దేశంలో అడుగు పెట్టడం ఒక మేనేజర్ జీవితంలో ఎన్నిసార్లు చేస్తాడు, ఫలితం ఎన్నేళ్ళకి తెలుస్తుంది? అందుకే అక్కడ "నాకు తెలుసు" అన్న ధీమా ఎంత గట్టిగా ఉన్నా అది ఋజువు కాదు.

ఇంక సీఎఫ్ఓ గారి షీటు. వెయిటేజీలు ఎవరు పెట్టారు? మార్కెట్ సైజుకి 30 పెట్టి దూరానికి 20 ఎందుకు పెట్టారు? అవి కూడా ఎవరి గట్ ఫీలింగో, కాకపోతే డెసిమల్ పాయింట్ తగిలించుకుని వచ్చింది. ఒక పని చెయ్యండి, వెయిటేజీలు అటూ ఇటూ మార్చి చూడండి, కొంచెం కదిపితేనే బంగ్లాదేశ్ కిందికి జారితే ఆ షీటు మీకేమీ చెప్పడం లేదన్నట్టు. ఎలా కదిపినా అదే పైన ఉంటే అప్పుడు వినండి.

కలిపే పద్ధతి అడిగారు కదా. కానెమన్ కుర్రాడిగా ఉన్నప్పుడు 1950లలో ఇజ్రాయెల్ సైన్యంలో కొత్తగా చేరేవాళ్ళ ఇంటర్వ్యూ పద్ధతి మార్చాడు. అంతకుముందు ఇంటర్వ్యూ చేసేవాడు కాసేపు మాట్లాడి వీడు పనికొస్తాడు పనికిరాడు అని చెప్పేసేవాడు, అది పెద్దగా నిజమయ్యేది కాదు. ఈయన ఆరు లక్షణాలిచ్చి ఒక్కోదానికి విడిగా ప్రశ్నలడిగి విడిగా మార్కులెయ్యమన్నాడు, ఒకటి పూర్తయ్యాకే రెండోది. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు మమ్మల్ని మరబొమ్మల్ని చేస్తున్నావని గొడవపెడితే, సరే, అన్నీ అయ్యాక కళ్ళు మూసుకుని మీ మనసుకి తోచిన మార్కు కూడా ఒకటి వెయ్యండి అన్నాడు. తీరా చూస్తే ఆ చివరి మార్కు కూడా బాగానే పనిచేసింది, మొదట్లోనే వేసిన మార్కు కన్నా చాలా నయం. ఊహని తీసెయ్యలేదండీ, వరసలో వెనక్కి జరిపాడంతే.

మీ ఎండీ గారు కెన్యా అని మొదటే అనేశారు. ఇప్పుడు టేబుల్ మీదకొచ్చే ప్రతి అంకెనీ ఆ మాటకి అనుకూలమా వ్యతిరేకమా అనే చూస్తారు, అందరూ.

కంపాలా కృష్ణ

చర్చ బాగుంది కానీ ఒక్కరూ అసలు పంట గురించి అడగలేదు. నేను ఉగాండాలో ఉంటాను, పక్కనే కెన్యా, టాంజానియా కూడా తిరుగుతుంటా, అగ్రి ఇన్‌పుట్స్ లైనే.

మొలక గారూ, మీ మక్క హైబ్రిడ్లు పసుపు రంగువే కదా? ఇక్కడ జనం తినేది తెల్ల మొక్కజొన్న. ఉగాలి అంటే తెల్ల పిండితో గట్టిగా ఉడికించిన ముద్ద, మన రాగి సంకటి తిన్నట్టు రోజూ తింటారు. పసుపుది కోళ్ళ దాణా, కరువొచ్చినప్పుడు సాయంగా వచ్చిన గింజ అనే భావన ఉంది. మీ ఎండీ గారు నకూరు దగ్గర చూసిన చేను పొత్తు ఒలిచి చూశారా లేదా అడగండి, పచ్చగా నిలబడ్డ చేను ఎక్కడైనా ఒకలాగే ఉంటుంది.

రెండోది, కొత్త మొక్కజొన్న రకం తెచ్చి రేపే అమ్మలేరు. కెన్యాలో కెఫిస్ అనే ప్రభుత్వ సంస్థ ట్రయల్స్ వేసి, ఉన్న రకాల కన్నా మెరుగని తేలితేనే విడుదల చేస్తారు, సీజన్లు పడుతుంది. 2011 నుంచి మొక్కజొన్నకి లీథల్ నెక్రోసిస్ అని వైరస్ తెగులు బొమెట్ వైపు మొదలై చాలా చోట్ల పాకింది, మీ రకం దానికి తట్టుకుంటుందా? కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాకి వచ్చింది, మన కర్ణాటకలో 2018లో కనపడింది, అది మాత్రం మీకూ తెలిసిన శత్రువే.

ఇంకోటి కన్సల్టెంట్ల షీట్‌లో ఉందో లేదో చూడండి. కోమెసా అనే తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాల వ్యాపార కూటమిలో రెండు సభ్య దేశాల్లో విడుదలైన రకాన్ని ఉమ్మడి కేటలాగ్‌లోకి ఎక్కించుకోవచ్చు, అప్పుడు మిగతా దేశాల్లో మళ్ళీ మొదట్నుంచి ట్రయల్స్ అక్కర్లేకుండా అమ్ముకునే దారుంది. కెన్యా, ఉగాండా, జాంబియా, మలావి, ఇథియోపియా అన్నీ అందులోవే. టాంజానియా మాత్రం లేదు, 2000లోనే బయటికెళ్ళిపోయింది. కాగితం మీద ఉన్నంత సాఫీగా బోర్డర్ దగ్గర ఉండదు, అది వేరే విషయం. కానీ షీట్‌లో కెన్యాని ఒక్క దేశంగా కొలిచి ఉంటే కొలత చిన్నదైపోయినట్టే.

మేడ్చల్ మొలక

కృష్ణన్నా, ఈ ఒక్క పోస్టు కోసం వంద స్లైడ్ల రిపోర్ట్ ఇచ్చేస్త. ఎండీ సార్‌ని అడిగిన, పొత్తు ఒలవలేదంట. కాసేపు ఏం మాట్లాడలే, తర్వాత "అయితే తెల్లది చేద్దాం" అన్నడు. మా బ్రీడర్ సార్ పక్కనే ఉండి తెల్ల ఇన్‌బ్రెడ్ లైన్లు, అంటే హైబ్రిడ్ చేయడానికి కావాల్సిన తల్లి తండ్రి రకాలు, మన దగ్గర లేవు, ఇప్పుడు మొదలు పెడితే హైబ్రిడ్ రావడానికి ఏళ్లు పడుతయి అని చల్లగ చెప్పిండు. మరి టమాట, ఉల్లి సంగతి ఏంది అక్కడ?

కంపాలా కృష్ణ

టమాట బాగా తింటారు, హైబ్రిడ్ కాని ఓపెన్ పాలినేటెడ్ రకాలు రియో గ్రాండే, కాల్ జె ఇంకా చాలామంది వేస్తారు, హైబ్రిడ్ వాడే రైతులు పెరుగుతున్నారు, గ్రీన్‌హౌస్ వాళ్ళు వేరు. ఉల్లిలో మన బాంబే రెడ్ పేరు ఇక్కడ షాపుల్లో వింటే ఆశ్చర్యపోతారు. బెండకి మార్కెట్ తక్కువ, మనవాళ్ళున్న టౌన్లు, ఎక్స్‌పోర్ట్ తోటలు.

అసలు అమ్మకం జరిగేది ఆగ్రోవెట్ అనే చిన్న షాపుల్లో, పశువుల మందు, పురుగు మందు, విత్తనం అన్నీ ఒకే కౌంటర్ మీద. ఒకసారి అలాంటి షాపులో కూర్చుని చూడండి, రైతు వచ్చి విత్తనం ప్యాకెట్ వెనక్కి తిప్పి స్టిక్కర్ గీకి ఫోన్‌లో కోడ్ కొట్టి అసలుదా నకిలీదా చూసుకుని అప్పుడు డబ్బులిస్తాడు, నకిలీ విత్తనాల బాధ అంతుంది. కొత్త బ్రాండు అంటే ఆ షాపువాడు "మొదట అప్పుకివ్వు, అమ్ముడైతే ఇస్తా" అంటాడు. మీ సీఎఫ్ఓ గారు ఆ అప్పు ఎన్ని రోజులకి వేశారో చూడండి.

గుంటూరు ఘాటు

నకిలీ విత్తనం అంటే మాకు చెప్పాలా అన్నా, గుంటూరు జిల్లా రైతుకి ఆ బాధ పాతదే.

కేస్ స్టడీ మేష్టారు

ఆలస్యంగా వచ్చాను, క్షమించాలి. టీచరు గారు చెప్పినదానికి ఒప్పుకుంటూనే చిన్న మెలిక పెడతాను. అన్నీ ముందే కొలిచి చివర్లో కళ్ళు మూసుకోవడం బాగానే ఉంది, కానీ కొత్త దేశంలో ఏం కొలవాలో కూడా అక్కడికి వెళ్ళేదాకా తెలియదు. పసుపా తెలుపా అనే కాలమ్ ఆ షీట్‌లో ఎందుకు లేదు? కన్సల్టెంట్‌కి ఆ ప్రశ్నే తట్టలేదు.

హోండా మోటార్ సైకిళ్ళు 1959లో అమెరికా వెళ్ళిన కథ ఎంబీఏ చదివిన ప్రతివాడూ వింటాడు, కానీ సగమే వింటాడు. 1975లో బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్ బ్రిటిష్ ప్రభుత్వానికిచ్చిన రిపోర్ట్‌లో హోండా గెలుపుని చక్కటి వ్యూహంగా చెప్పారు, జపాన్‌లో భారీగా తయారుచేసి ఖర్చు తగ్గించుకుని చిన్న బండ్లతో మార్కెట్లోకి దూరారు అని. తర్వాత రిచర్డ్ పాస్కల్ అనే ఆయన అప్పట్లో అక్కడికెళ్ళిన హోండా మనుషుల్నే కూర్చోబెట్టి అడిగి 1984లో రాస్తే కథ వేరేగా తేలింది. వాళ్ళు పెద్ద బండ్లు అమ్ముదామనే వెళ్ళారు. డబ్బు తీసుకెళ్ళడానికి జపాన్ ఆర్థిక శాఖ పెట్టిన పరిమితి వల్ల చేతిలో చిల్లర మాత్రమే. అమెరికావాళ్ళు జపాన్‌లో కన్నా ఎక్కువ దూరం, ఎక్కువ స్పీడు తోలేసరికి ఆ పెద్ద బండ్లు ఆయిల్ కారడం, క్లచ్చులు పోవడం మొదలైంది. ఈలోపు వీళ్ళు లాస్ ఏంజిలిస్‌లో సొంత పనులకి వేసుకు తిరిగే 50 సీసీ సూపర్ కబ్ చూసి జనం ఇదెక్కడ దొరుకుతుందని అడిగారు. చిన్న బండి పెడితే మగతనం ఉట్టిపడే ఆ మార్కెట్‌లో పరువు పోతుందని వీళ్ళ అనుమానం, వేరే దారి లేక పెట్టారు. 1964కల్లా అమెరికాలో అమ్ముడయ్యే రెండు బండ్లలో దాదాపు ఒకటి హోండా.

చూడండి, వాళ్ళ ముందటి ఊహా తప్పే, తర్వాతివాళ్ళు వేసిన లెక్కా జరిగాక అల్లిందే. పనికొచ్చింది ఏంటి, అడిగిన కస్టమర్ మాట చెవికెక్కడం, పెట్టిన డబ్బు తక్కువ కాబట్టి దారి మార్చుకునే వీలుండటం. అందుకే మొలక గారూ, "ఏ దేశం" అని ఇప్పుడే తీర్మానం చెయ్యకండి, "ఎంత పోయినా మనకి నిద్ర పడుతుంది" అనే అంకె ముందు తేల్చండి. అది మాత్రం సీఎఫ్ఓ గారి పని, గట్ పని కాదు.

లెక్కల టీచరు

మేష్టారూ, హోండా లాగే చిల్లరతో వెళ్ళి దారి మార్చుకుంటూ చివరికి మునిగిపోయిన కంపెనీల మీద ఎవరూ కేస్ స్టడీ రాయరు. బతికినవాళ్ళని చూసి సూత్రం తియ్యడం మీరే క్లాసులో తప్పని చెప్తారు. పైగా ఆ సూపర్ కబ్ జపాన్‌లో అప్పటికే విపరీతంగా అమ్ముడవుతోంది, తయారీ ఖర్చు అలా తగ్గి ఉండకపోతే లాస్ ఏంజిలిస్‌లో ఎంతమంది అడిగినా ఆ ధరకి ఇవ్వగలిగేవాళ్ళా? బోస్టన్ వాళ్ళది కూడా పూర్తి తప్పేం కాదు.

కేస్ స్టడీ మేష్టారు

ఒప్పుకున్నా టీచరు గారూ, ఆ గొడవ మా లైన్లో ఇప్పటికీ తెగలేదు.

భీమవరం వెనామీ

అయ్యా మీరంతా పెద్ద చదువులోళ్ళు, మాది చెరువు గట్టు మీద చదువండి. మేం రొయ్య అమెరికాకి పంపుతాం, అంటే ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్ళ ద్వారానే అనుకోండి. అమెరికా ఒక్కదాని మీదే ఆధారపడకండ్రా అని మా ప్లాంటు ఓనరు గారు ఎప్పట్నుంచో గోల పెట్టేవారు, ఏదో జరుగుద్దని ఆయనకో అనుమానం, ఎందుకని అడిగితే ఏ మాటా చెప్పలేకపోయేవారు. లెక్కలు చూస్తే మాత్రం అమెరికా రేటే బాగుంది, వాళ్ళు అడిగే కౌంట్ (రొయ్య సైజు) మనకి బాగా వస్తది, డబ్బు టైముకి పడుద్ది. అందుకని లెక్క నెగ్గింది. 2025 ఆగస్టులో 50 శాతం సుంకం పడేసరికి చెరువుల దగ్గర రేటు ఏమైందో మీకు తెలుసు కదండి.

అలాగని ఆయన ఊహే గొప్పదని చెప్పను. ఈయనే అంతకుముందు జపాన్ మీద మనసు పారేసుకున్నారు, అక్కడేమో మేతలో కలిపే ఎథాక్సిక్విన్ అనే మందు అవశేషం ఉందని మన సరుకు ఆపారు, 2012 ప్రాంతంలో. మేతలో ఆ మందుందని రైతుకే తెలీదు, ఇంక ఓనరు మనసుకేం తెలుస్తదండి.

నాకర్థమైంది ఏంటంటే మనసులో గుబులు పుడితే అది ఏ లెక్క వెయ్యాలో చెప్పుద్ది. ఆ రోజే ఎవరన్నా కూర్చుని "రేపు అమెరికా బందైతే కిలోకి ఎంత పోతది, ఎన్నాళ్ళు తట్టుకుంటాం" అని ఒక కాగితం మీద వేసుంటే సరిపోయేదండి. అనుమానమేమో ఆయన దగ్గరుండిపోయింది, కాలిక్యులేటరేమో అకౌంటెంట్ దగ్గర ఉండిపోయింది.

రన్‌వే రాజు

వెనామీ గారికి దండం. నాది ఇన్‌ఫ్రా. మన జీఎంఆర్ వాళ్ళు మాల్దీవుల్లో మాలె ఎయిర్‌పోర్టు 2010లో తీసుకున్నారు, పాతికేళ్ళ కాంట్రాక్టు, సుమారు 51 కోట్ల డాలర్ల ప్రాజెక్టు. హైదరాబాద్, ఢిల్లీ ఎయిర్‌పోర్టులు కట్టినవాళ్ళకి అది నల్లేరు మీద నడక. ప్యాసింజర్ల దగ్గర 25 డాలర్ల ఛార్జి మీద వచ్చే ఆదాయం లెక్కలో కీలకం, అక్కడి కోర్టు దాన్ని ఆపింది, 2012లో అధ్యక్షుడు మారాడు, ఆ ఏడాది నవంబర్‌లో కాంట్రాక్టే రద్దు. అయితే ఒప్పందంలో వివాదమొస్తే సింగపూర్‌లో ఆర్బిట్రేషన్, అంటే మధ్యవర్తుల తీర్పు, అని రాసుకున్నారు, 2016లో సుమారు 27 కోట్ల డాలర్లు కట్టమని తీర్పొచ్చింది, వాళ్ళు కట్టారు. రాజకీయం ఎటు తిరుగుతుందో ఏ మోడల్లోనూ ఎక్కించలేరు, తిరిగితే డబ్బెలా వెనక్కి వస్తుందో మాత్రం ముందే రాసుకోవచ్చు.

మొలక గారూ, మీ షీట్‌లో బంగ్లాదేశ్‌కి పొలిటికల్ రిస్క్ ఎంత పెట్టారు, అది ఏ ఏడాది డేటా? 2024 ఆగస్టులో అక్కడ ప్రభుత్వం కూలింది, 2025లో రెండు దేశాలూ ల్యాండ్ పోర్టుల మీద కొన్ని సరుకులకి ఆంక్షలు పెట్టుకున్నాయి. దూరం తక్కువని మార్కులేశారు కదా, గేటు దగ్గర లారీ ఆగితే దూరం తక్కువై ఏం లాభం.

సిమ్ కార్డు సుబ్బు

ఎయిర్‌టెల్‌ని మర్చిపోయారు. 2010లో కువైట్ టెలికాం కంపెనీ జైన్ (Zain) వాళ్ళ ఆఫ్రికా బిజినెస్ 15 దేశాలది 1,070 కోట్ల డాలర్లకి కొన్నారు, ఇండియాలో నిమిషం రేటు తగ్గిస్తే జనం ఎక్కువ మాట్లాడారు కాబట్టి అక్కడా అంతే అనుకున్నారు. అంత సులువుగా అవ్వలేదు, ఏళ్ళ తరబడి నష్టాలు. అమ్మేసి రమ్మని అనలిస్టులు పోరారు. ఉండిపోయారు, 2019లో ఎయిర్‌టెల్ ఆఫ్రికాని లండన్‌లో లిస్ట్ చేశారు, ఇప్పుడు మొబైల్ మనీ దాంట్లో పెద్ద బిజినెస్. మరి ఇది గట్టా, లెక్కా, మొండితనమా? నాకైతే తెలీదు, చాయ్ టైం అయింది.

డల్లాస్ బాబాయ్

జేబు లోతున్నవాడి మొండితనాన్ని విజన్ అంటారు సుబ్బూ.

మేడ్చల్ మొలక

అందరికి థాంక్స్, అప్‌డేట్ ఇస్తున్న. టీచరమ్మ చెప్పినట్టు సీఎఫ్ఓ షీట్‌ల వెయిటేజీలు కదిపి చూసినం. మక్కకైతే ఎట్ల కదిపినా బంగ్లాదేశే పైన ఉంది, వాళ్లకు కావాల్సింది కోళ్ల దాణాకి పసుపు మక్క, రబీల వేస్తరు, హైబ్రిడ్ విత్తనం ఎక్కువ మన దగ్గర్నించే పోతది. టమాటకు చూస్తే మాత్రం లిస్టు మొత్తం తారుమారు అయింది, మూడు నాలుగు దేశాలు దగ్గర దగ్గర ఉన్నయి, అక్కడ షీట్‌ని నమ్మి చేసేదేం లేదు. అంటే ఇన్ని రోజులు మేము పంటలన్నిటిని ఒక్క మూటల కట్టి దేశానికి మార్కులేసినం.

ఎండీ సార్‌కి ఈ ముచ్చట చెప్తే మొదట కోపమొచ్చింది, తర్వాత ఆయనే ఒక మాటన్నడు, నేను నకూరుల చూసింది మక్క కాదు, రైతు విత్తనానికి పైసలు పెట్టే తీరు చూసిన, బావి నీళ్లు లేకున్నా ఖరీదైన విత్తనం అడుగుతుండు అని. అది ముందే చెప్తే అయిపోవు కదా సార్ అని నోటి దాకా వచ్చింది, మింగిన. ఇప్పుడు ఆ మాటనే ప్రశ్నలెక్క చేసినం: కెన్యా చిన్న రైతు టమాట హైబ్రిడ్‌కి ఎంత దాక పెడతడు, ఏ షాపుల, ఎవరి మాట మీద. మా ఫీల్డ్ పిల్లగాడు ఒకడు పోయి సీజన్ మొత్తం ఆగ్రోవెట్ షాపులల్ల కూసుంటడు.

బంగ్లాదేశ్‌కి మక్క అడ్వాన్స్ లేకపోతే ఖాయమైన ఎల్సీ (పైసలకు బ్యాంకు హామీ పత్రం) మీదనే, లారీ ఆగినా మనం ఆగకుండ కొద్ది కొద్దిగ. కెన్యాకి మూడు టమాట హైబ్రిడ్లు ట్రయల్‌కి. రెండిటికి కలిపి ఇంతకన్నా ఒక్క రూపాయి ఎక్కువ పోవద్దని సీఎఫ్ఓ అంకె రాసి ఎండీ సార్‌తోని సంతకం పెట్టించుకున్నడు. సార్ సంతకం పెడుతూ "రెండేళ్లల్ల నువ్వే వచ్చి పెంచుదామంటవ్" అన్నడు, ఆయన మారడు.

ఒక డౌట్. ట్రయల్ విత్తనానికి ఇంపోర్ట్ పర్మిట్ మన పేరు మీద తీసుకోవాల్నా, అక్కడి పార్ట్‌నర్ పేరు మీదనా?

కంపాలా కృష్ణ

అక్కడ దిగుమతి చేసుకునేవాళ్ళ పేరు మీద, ముందు కెఫిస్ పర్మిట్ రావాలి, అందులో రాసిన షరతుల ప్రకారం మన దగ్గర ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవనే పత్రం) తీసుకోవాలి. వరస తప్పితే నైరోబీలో ఆగిపోతుంది. పార్ట్‌నర్ ఎవరో తేలేలోపు రకం రిజిస్ట్రేషన్ మాత్రం ఆయన పేరు మీద పెట్టకండి, రేపు ఆయనతో తేడా వస్తే రకం ఆయన దగ్గరే ఉండిపోతుంది.

గుంటూరు ఘాటు

ఆడ లైను, మగ లైను కూడా పంపకండన్నా, అక్కడే సీడ్ ప్రొడక్షన్ చేద్దాం ఖర్చు తగ్గిద్ది అని ఎవడో ఒకడు తియ్యగా చెప్తాడు. హైబ్రిడ్ ప్యాకెట్టే పంపండి.

మేడ్చల్ మొలక

ఆల్రెడీ ఒకాయన చెప్పిండన్నా, గదే మాట. ఎండీ సార్‌కి మనిషి బాగ నచ్చిండంట.

లెక్కల టీచరు

అయ్యో.